నార, నారి

కొండవాలున మంచు దిగకముందే
దురదగొండి కొయ్యాలి.
సెల్దోన్ చేతికి గుడ్డ కూడా చుట్టుకోదు.
"కుట్టనీ. ఎవర్ని కుట్టిందో గుర్తుంటేనే
రేపు నా మాట వింటుంది" అంటుంది.
మణికట్ల దాకా ఎర్రటి దద్దుర్లు.
వాటిని ఊదుకుంటూ మోపు ఎత్తుకుంటుంది.

కాడలు ఎండాలి. బెరడు ఊడాలి.
బూడిద నీళ్ళలో రాత్రంతా ఉడకాలి.
కురిచ్ఛు ఏటి ఒడ్డున బండమీద బాది, జాడించి,
వెదురు చెక్కతో గీకి గీకి
పచ్చదనమంతా పోగొడితే
గంపెడు కాడలకి మిగిలేది
ముసలావిడ జడంత నార.

ఇక పేనడం.
గుమ్మంలో కూర్చుని, కిరా మోకాలి పైకి జరిపి,
తొడమీద అరచేత్తో
ఒక పాయని ముందుకి తోస్తుంది.
రెండోదాన్నీ అటే తోస్తుంది.
తర్వాత రెండింటినీ కలిపి
వెనక్కి లాగుతుంది.
విడిపోదామని ఒక్కోటీ మెలిక విప్పుకునే కొద్దీ
రెండూ ఇంకా గట్టిగా పెనవేసుకుంటాయి.
కాపురం గురించి
ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.
ఆమె కాపురం గురించి చెప్పట్లేదు.
"ఉమ్మితడి ఎక్కువైతే జారుతుంది" అంటోంది.

సన్నబడ్డ చోట కొత్త పోగు దూర్చి,
అతుకు వేలికి కూడా తెలియకుండా మెలిపెట్టి,
ఈ కొసనా ఆ కొసనా కన్ను వేసి
తేనెమైనం రుద్దుతుంది, వేడెక్కేదాకా.

విల్లు మాత్రం ఆమె ముట్టకూడదు.
దాటకూడదు.
ఆడచెయ్యి తగిలితే బాణం దారి తప్పుతుందని
ఆ ఊరి విలుకాళ్ళ నమ్మకం.
పోటీ ముందు రాత్రి ఇళ్ళలో పడుకోరు కూడా.
చూరుకి వేలాడే తాడుని
ఫుబ్ వచ్చి పట్టుకుపోతాడు,
అక్కడో ఎండుమిరప సంచి పెట్టి.
తొడమీద పుట్టినదాని సంగతి
ఎవరూ ఎత్తరు.

నేనడిగాను: విల్లు ముట్టకుండా
తాడు నిలిచేదీ తెగేదీ తెలిసేదెలా?

లేచింది. ఒక కన్ను ఇంటి స్తంభపు మేకుకి తగిలించింది.
రెండో కంట్లో కర్ర దూర్చి
కర్రని నడుము వెనక పెట్టుకుని
మడమలు గడపకి తన్ని
వెనక్కి వాలింది.
మెల్లగా. అరవై నాలుగేళ్ళ బరువంతా.
తాడు కిర్రుమంది. మైనం వాసన.
వెన్ను వంగింది, గడ్డం లేచింది,
ఊపిరి బిగబట్టి ఇరవై లెక్కపెట్టింది.
అప్పటిదాకా
ఆ ఇంట్లో విల్లు లేదనుకున్నాను.

"ఒక్కసారే తెగింది,"
మోచేతి మచ్చ చూపించింది.
"ఆయన పోయిన ఏడు. నార తప్పేం లేదు.
నేనే తొందరపడ్డాను."

నా భాషలో పీచుని నార అంటారు.
వింటికి కట్టేది నారి.
ఆడమనిషీ నారే.
చెప్పబోయి మానేశాను.
పండితుల చమత్కారంలా ఉంటుంది,
ఆమె చేతుల దద్దుర్లేమో ఇంకా తగ్గలేదు.

లోసర్ పోటీ.
మైదానం ఆ కొసన గురిచెక్క
అరచెయ్యంత.
కంచె ఇవతల ఆడవాళ్ళు
పొరుగూరి జట్టుని వెక్కిరిస్తూ చిందులేస్తున్నారు.
సెల్దోన్ ఆటకి వీపు పెట్టి
ఒళ్ళో నార చిక్కు తీస్తోంది.

ఫుబ్ వదిలాడు.
తల ఎత్తకుండానే, ఎవరితోనూ కాకుండా,
"రెండు మెలికలు వదులు" అంది.

బాణం చెక్కకి జానెడు కింద
మట్టిలో దిగింది.
ఆ కేరింతల్లో అతనికి ఆమె మాట వినబడే వీల్లేదు.
విల్లు దించి, కాసేపు తాడుని చూసి,
కన్ను ఊడదీశాడు.
ఒక మెలిక తిప్పాడు.
ఆగాడు.
ఇంకొకటి.